క్యూ ఎక్కడికీ పోదు

రైడ్‌కి రిజర్వేషన్ పెట్టినంత మాత్రాన సీట్లు పెరగవు. వినగానే ఇది తెలియనిదెవరికి అనిపిస్తుంది. కానీ రిజర్వేషన్ పద్ధతి మారినప్పుడల్లా థీమ్ పార్కు సందర్శకులు చేసుకునే వాదనలు వింటే, అందరూ ముందుగా మరిచిపోయేది ఇదేనని తెలుస్తుంది. ఒకరేమో ఉచిత పాస్ ఉన్న పాత రోజులే బంగారమంటారు. డబ్బు కట్టే పద్ధతి వచ్చాకే మామూలు లైన్ కాస్త కదులుతోందని ఇంకొకరంటారు. వేరొకరు హోటల్ బిల్లు చేతిలో పట్టుకుని, "ఇంత పోసి ఇక్కడే దిగాం కదా, మాకు దక్కిందేమిటి?" అని అడుగుతారు. విచిత్రమేమిటంటే ఇవన్నీ ఒకేసారి నిజం కావచ్చు.

ఈ గొడవ ఎక్కువగా నడిచేది ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ చుట్టూ. అక్కడ 1999లో ఫాస్ట్‌పాస్ మొదలైంది. రైడ్ దగ్గరున్న మెషీన్‌లో పార్కు టికెట్ పెడితే ఒక చీటీ వచ్చేది. అందులో రాసిన సమయానికి తిరిగొస్తే పొట్టి లైన్‌లోంచి పంపేవారు. దీనికి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. 2014కల్లా చీటీలు పోయి ఫాస్ట్‌పాస్ ప్లస్ వచ్చింది. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు 60 రోజుల ముందే, మిగతావాళ్లు 30 రోజుల ముందు రైడ్లు బుక్ చేసుకునేవారు. 2020లో కోవిడ్‌తో అది ఆగింది. 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ పేరుతో తిరిగొచ్చేసరికి మనిషికి రోజుకి 15 డాలర్లయింది. బుకింగ్ కూడా అదే రోజు ఉదయం 7 గంటలకే, హోటల్ వాళ్లకైనా బయటివాళ్లకైనా. 2024 జులైలో పేరూ మారింది, పద్ధతీ మారింది. ఇప్పుడది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. లైట్నింగ్ లేన్ అంటే ఆ పొట్టి లైనే. హోటల్ వాళ్లు 7 రోజుల ముందు, బయటివాళ్లు 3 రోజుల ముందు కొనుక్కోవచ్చు. ధర రోజును బట్టీ పార్కును బట్టీ మారుతుంది.

పాతికేళ్లలో ఇన్ని మార్పులు జరిగినా రైడ్ వేగం మాత్రం అలాగే ఉంది. గంటకి 1,500 మందిని తిప్పే రైడ్, చీటీ ఉన్నా ఫోన్ ఉన్నా గంటకి 1,500 మందినే తిప్పుతుంది.

ఇలాంటి చోట ఏం జరుగుతుందో 1965లోనే లెనార్డ్ క్లైన్‌రాక్ లెక్క కట్టి చూపించాడు. ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్లలో ఒకడిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. కంప్యూటర్లలో ఏ సందేశాన్ని ముందు పంపాలి అన్న ప్రశ్న దగ్గర పుట్టిన ఆ లెక్క రైడ్లకీ అతికినట్టు సరిపోతుంది. సీట్లు ఖాళీగా తిరగనంత వరకు, ఎవరిని ముందు పంపినా ఎవరిని ఆపినా, అందరి నిరీక్షణ కలిపి తీసిన సగటు మారదు. ఒకరికి తగ్గించిన నిమిషాలు ఇంకొకరి నెత్తిన పడతాయి.

అంకెల్లో చూద్దాం. అందరూ ఒకే లైన్‌లో నిలబడితే తలా 30 నిమిషాలు పడుతోందనుకుందాం. ఇప్పుడు ప్రతి 100 మందిలో 75 మందికి పాస్ ఇచ్చి, వాళ్లని 5 నిమిషాల్లో పంపిస్తున్నాం. సగటు 30 దగ్గరే నిలవాలంటే మిగిలిన 25 మంది ఒక్కొక్కరూ 105 నిమిషాలు నిలబడాలి. పాస్ సగం మందికే ఇస్తే మామూలు లైన్ 55 నిమిషాలు. పదిమందికే ఇస్తే సుమారు 33 నిమిషాలు, అంటే ఇంతకుముందు కన్నా 3 నిమిషాలే ఎక్కువ.

ఈ మూడు అంకెలూ గుర్తుంటే వాదనలో సగం తేలిపోతుంది. పాస్ ఉచితమైతే దాదాపు అందరూ తీసుకుంటారు. తీసుకోనివాళ్లు, అంటే పద్ధతి తెలియక వచ్చినవాళ్లు, మొదటిసారి వచ్చినవాళ్లు, 105 నిమిషాల లైన్‌లో ఇరుక్కుంటారు. దానికి ధర పెడితే కొనేవాళ్లు తగ్గుతారు, మామూలు లైన్ కదులుతుంది. ఉచిత పాస్ రోజులు బంగారమన్న మనిషి చాలావరకు పాస్ వాడటం బాగా తెలిసినవాడే అయ్యుంటాడు. ఆయనకి అవి నిజంగానే బంగారు రోజులు. ఆ బంగారం ఎవరి నిమిషాల్లోంచి వచ్చిందో ఆయన అటు చూసి ఉండడు.

నిజంలో ఆ అంకె 105 దాకా పోకపోవచ్చు. బోర్డు మీద అంత సమయం కనిపిస్తే చాలామంది వెనక్కి తిరిగిపోతారు. కానీ తిరిగిపోయినవాళ్లు రైడ్ ఎక్కలేదు కదా! వాళ్ల నష్టం ఏ బోర్డు మీదా రాదు.

లైన్ పొడుగు చూసి భయపడేవాళ్లకి ఇంకో సూత్రం పనికొస్తుంది. తర్వాతి కాలంలో ఎమ్ఐటీలో పనిచేసిన జాన్ లిటిల్ 1961లో దీన్ని నిరూపించాడు. లైన్‌లో ఉన్న జనం ఎంతమంది? గంటకి వచ్చేవాళ్ల సంఖ్యని ఒక్కొక్కరు గడిపే గంటలతో గుణిస్తే వచ్చినంత. మన రైడ్‌లో పాస్ లైన్ గంటకి 1,125 మందిని 5 నిమిషాల చొప్పున పంపుతోంది, కాబట్టి అందులో ఏ క్షణాన చూసినా ఉండేది సుమారు 94 మంది. మామూలు లైన్‌లో గంటకి 375 మంది, ఒక్కొక్కరికీ 105 నిమిషాలు, అంటే సుమారు 656 మంది. కలిపితే 750. పాస్ లేని రోజుల్లో 1,500 మంది అరగంట చొప్పున నిలబడినప్పుడూ అదే 750. అందుకే పొడుగు కాదు, కదలిక చూడాలి. 2020 జులైలో డిస్నీ వరల్డ్ తిరిగి తెరిచినప్పుడు మనిషికీ మనిషికీ దూరం పెట్టడం వల్ల లైన్లు చాలా పొడుగ్గా సాగాయి. అయినా ఫాస్ట్‌పాస్ లేకపోవడంతో ఆగకుండా కదిలాయి. ఆ కొద్ది నెలలూ అక్కడికి వెళ్లినవాళ్లు ఇప్పటికీ ఆ కదలికనే తలుచుకుంటారు.

ఇంతవరకు చెప్పిన లెక్క, వచ్చే జనం మారరన్న షరతు మీద నిలబడింది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. నిజం లైన్‌లో మనిషి ఒకచోటే నిలబడగలడు. ఆ నిలబడటమే ఒక బ్రేకు. చీటీయో యాప్ స్లాటో చేతిలో ఉంటే అదే మనిషి ఒక రైడ్‌కి ఫోన్‌లో ఎదురుచూస్తూ, ఇంకో రైడ్ ముందు కాళ్లతో నిలబడతాడు. ఒక్క మనిషి రెండు క్యూల్లో ఉన్నట్టు. అందరూ ఇదే చేస్తే ఇంతకుముందు ఖాళీగా ఉండే చిన్న రైడ్లకీ లైన్లు మొదలవుతాయి. చీటీ ఇచ్చి పంపితే జనం తిరుగుతూ తింటారు, కొంటారు అని పార్కు ఆశపడటం సహజమే. కొంతమంది అలాగే చేస్తారు. చాలామంది మాత్రం వెళ్లి పక్క లైన్‌లో నిలబడతారు.

మరి రిజర్వేషన్ వల్ల నిజమైన లాభమే లేదా? ఉంది, ఒక్కచోట. తెల్లవారి గేటు తీసిన వెంటనేనో రాత్రి మూసే ముందో సీట్లు ఖాళీగా తిరుగుతుంటే, మధ్యాహ్నపు జనాన్ని అటు జరపవచ్చు. అప్పుడు ఎవరి నిమిషాలూ పోకుండా మొత్తం మీద నిరీక్షణ తగ్గుతుంది. కాకపోతే బాగా పేరున్న రైడ్‌కి ఆ ఖాళీ ఉండదు. రిజర్వేషన్ కోసం జనం కొట్టుకునేదేమో సరిగ్గా అలాంటి రైడ్ల కోసమే.

సీట్లు చాలనప్పుడు ఏదో ఒకటి చెల్లించక తప్పదు. మామూలు లైన్ మన సమయం అడుగుతుంది. 60 రోజుల ముందు బుకింగ్ ప్లాన్ చేసే ఓపిక అడిగింది. జీనీ ప్లస్ డబ్బు అడిగింది. 2019 డిసెంబర్‌లో తెరిచిన స్టార్ వార్స్ రైడ్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, వేళ్ల చురుకుదనం అడిగింది. బోర్డింగ్ గ్రూపులు, అంటే రైడ్ ఎక్కే వంతులు, యాప్‌లో తెరిచిన కొద్ది క్షణాల్లోనే అయిపోయేవి. టెన్షన్‌తో ఇంటిల్లిపాదీ తెల్లవారకుండానే ఫోన్లు పట్టుకుని కూర్చునేవారు. ఏ పద్ధతి తెచ్చినా అందులో గెలిచే రకం మనుషులు మారతారంతే. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ తొలినాళ్లలో ఇంకో దారి ఉండేది. ఏ రైడ్‌కి ఆ రైడ్‌కి టికెట్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇవ్వాలి, మంచి రైడ్‌కి ఖరీదైన టికెట్. 1982లో ఆ పుస్తకాలు పోయాయి. గేటు దగ్గరొక ధర, లోపల రైడ్‌కొక ధర పెట్టడం వెనక తర్కమేమిటో ఆర్థికవేత్త వాల్టర్ ఓయ్ 1971లోనే డిస్నీల్యాండ్‌నే ఉదాహరణగా తీసుకుని వివరించాడు. రైడ్‌కొక ధర అనే ఆలోచన ఇప్పుడు ఫోన్‌లోకి తిరిగొచ్చింది. ఇక్కడ కొత్తేమీ లేదని నాకనిపిస్తుంది.

ఇప్పుడు హోటల్ బిల్లు సంగతి. డిస్నీ వరల్డ్‌లో కంపెనీ హోటళ్లవే 25 వేలకు పైగా గదులు. అక్కడ దిగినవాళ్లకి ఏ పార్కుకైనా, ఏ రోజైనా 30 నిమిషాలు ముందుగా వెళ్లే వీలుంది. వినడానికి బాగుంది. గంటకి 1,500 మందిని తిప్పే రైడ్, ఆ అరగంటలో 750 మందిని తిప్పుతుంది. గదికి ముగ్గురని వేసుకున్నా, గదులన్నీ నిండితే 75 వేల మంది. డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కులకి పంచితే ఒక్కోదానికి 19 వేలకి దగ్గర. అందరూ పొద్దున్నే లేవరు, అందరూ ఒకే రైడ్‌కి పోరు, నిజమే. అయినా 750 సీట్లు ఏ మూలకి?

ఇలాంటి వాటిని ఫ్రెడ్ హిర్ష్ అనే ఆర్థికవేత్త 1976లో స్థానాన్ని బట్టి విలువొచ్చే వస్తువులుగా వర్ణించాడు. పక్కవాడికి లేనంత వరకే దానికి విలువ. డిస్నీ వరల్డ్ దగ్గర్లోనే, ఆర్లాండోలో ఉన్న పోటీ థీమ్ పార్కు యూనివర్సల్‌కి చెందిన మూడు ఖరీదైన హోటళ్లలో దిగితే, దాని రెండు పాత పార్కుల్లో పొట్టి లైన్ పాస్ ఉచితం. అది ఎందుకు చెల్లుబాటవుతోందంటే ఆ మూడింటిలో కలిపి 2,400 గదులే. మన లెక్కలో పదిమందికే పాస్ ఇచ్చిన సందర్భానికి ఇది దగ్గర. డిస్నీ ఇదే మాట తన గదులన్నిటికీ ఇస్తే పొట్టి లైనే పొడుగు లైన్ అవుతుంది. కాబట్టి హోటల్ వాళ్లకి ఇవ్వగలిగింది సమయం కాదు, వరసలో కాస్త ముందు చోటు. 7 రోజులు, 3 రోజులు అంటే అదే. మంచి స్లాట్లు ఆ నాలుగు రోజుల్లోనే ఖాళీ అవుతాయేమోనన్న భయమే బయటివాళ్లని హోటల్ వైపు నెడుతుంది.

ఇందులో కోపం ఎందుకు పుడుతుందో మాత్రం గణితం చెప్పదు. డేనియల్ కానేమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1986లో వెలువడిన అధ్యయనంలో జనాన్ని కొన్ని ప్రశ్నలు అడిగారు. మంచు తోసే పారని 15 డాలర్లకి అమ్మే దుకాణం, మంచు తుఫాను మర్నాడు 20 చేస్తే? 82 శాతం మంది అన్యాయమన్నారు. కారు కొరతగా ఉన్నప్పుడు డీలర్ రాసిన ధర మీద 200 డాలర్లు ఎక్కువ అడిగితే 71 శాతం మందికి అన్యాయమనిపించింది. అదే 200 డాలర్ల తగ్గింపు ఇస్తూ వచ్చిన డీలర్ ఆ తగ్గింపు ఆపేస్తే 58 శాతం మంది ఫర్వాలేదన్నారు. జేబులోంచి పోయేది మాత్రం సమానమే.

సందర్శకుల మనసులో రాసుకున్న ధర ఏది అన్నదే ప్రశ్న. ఫాస్ట్‌పాస్‌తో పెరిగినవాళ్లకి అది సున్నా. అందుకే 15 డాలర్లు వాళ్లకి మంచు పార. హోటల్ వాళ్లకైతే విమానాశ్రయం నుంచి ఉచిత బస్సు కూడా ఆ ధరలో భాగం. అది 2005 నుంచి ఉండి, 2022 జనవరిలో ఆగిపోయింది. రాత్రి పార్కింగ్‌కి 2018లో డబ్బు వసూలు మొదలుపెట్టి, 2023 జనవరిలో మళ్లీ ఉచితం చేశారు. అది తిరిగొచ్చినందుకు పొంగిపోయినవాళ్లు తక్కువే. పోయినప్పటి బాధకి, తిరిగొచ్చినప్పటి సంతోషం సరిపోదు.

2024 అక్టోబర్ చివర డిస్నీ వరల్డ్‌లో ప్రీమియర్ పాస్ వచ్చింది. స్లాట్ బుకింగ్ ఏమీ అక్కర్లేదు, లైట్నింగ్ లేన్ ఉన్న ఏ రైడ్‌కైనా ఎప్పుడంటే అప్పుడు ఒకసారి నేరుగా వెళ్లవచ్చు. మొదట్లో ధర పార్కునూ రోజునూ బట్టి మనిషికి 129 నుంచి 449 డాలర్లు. దాన్ని చూసి వచ్చిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. అయినా క్లైన్‌రాక్ లెక్క ప్రకారం, మామూలు లైన్‌లో నిలబడ్డవాడికి అన్నిటికన్నా తక్కువ నష్టం చేసే పాస్ ఇలాంటిదే. కొనేవాళ్లు కొద్దిమంది కాబట్టి అతనికి కలిసే అదనపు నిమిషాలు రెండో మూడో. 105 నిమిషాలు మింగిన ఉచిత చీటీ మీద అతనికి ఇంత కోపం రాలేదు. ఎందుకంటే రేపు ఆ చీటీ తనకీ దొరకవచ్చు.