దోమ అంటే ఏ దోమ?

గోదావరి డెల్టాలోని మారుటేరు చుట్టుపక్కల సార్వా (వానాకాలపు) వరి పొట్ట దశకు వచ్చాక రైతు చేలోకి దిగి దుబ్బును వంచి చేత్తో తడతాడు. నీళ్ల మీద గోధుమరంగు పురుగులు రాలితే గట్టెక్కి "దోమ పడింది" అంటాడు. ఆ రైతే సాయంత్రం ఇంట్లో "దోమలొస్తున్నాయి, తలుపు వేయండి" అంటాడు. చేలో దోమ గదిలోకి వస్తోందని ఇంట్లో ఎవరూ పొరబడరు. చేను సుళ్లు సుళ్లుగా మాడిపోతే దోమపోటు అంటాం. పురుగు పేరే నష్టానికీ ఎక్కింది. మనుషులకు ఇందులో చిక్కేమీ లేదు. చిక్కంతా కంప్యూటర్‌కే. ఒక పదకోశంలోని మాటకు మరో పదకోశంలో జత వెతకమంటే, అది ముందుగా చూసేది అక్షరాలనే.

ఈ తలనొప్పి వరికంటే ముందు వైద్యాన్ని పట్టుకుంది. ఒకే జబ్బు ఒక్కో పదకోశంలో ఒక్కో పేరుతో ఉండటంతో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1986లో యూఎంఎల్‌ఎస్ (ఏకీకృత వైద్య భాషా వ్యవస్థ) అనే పనికి పూనుకుంది. వేర్వేరు పదకోశాల్లోని మాటలను ఒక్కో భావం కింద గుదిగుచ్చిన సంకలనం 1990లో తొలిసారి వెలువడింది. 1998లో పండ్ల ఈగ, ఎలుక, ఈస్ట్ జన్యు సమాచారాన్ని పోగుచేస్తున్న మూడు బృందాలు కలిసి జీన్ ఆంటాలజీని మొదలుపెట్టాయి. ఆంటాలజీ అంటే ఉత్త పదాల పట్టిక కాదు. ఏది దేనిలో రకమో, ఏది దేనిలో భాగమో కంప్యూటర్ పోల్చుకునేలా అమర్చిన కోశం.

అది ఫలించేసరికి, భీమవరం చుట్టూ చేపల చెరువులు వెలిసినట్టు ఆంటాలజీలు వెలిశాయి. వరి, మొక్కజొన్న, పరిశోధనల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కల మీద పనిచేసేవాళ్లు కలిసి ప్లాంట్ ఆంటాలజీ కట్టారు. గుణాలకు ట్రెయిట్ ఆంటాలజీ వచ్చింది. వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్తల కోసం 2008లో క్రాప్ ఆంటాలజీ మొదలైంది. అంతకు ఏడాది ముందే జీవశాస్త్ర ఆంటాలజీలను ఒక దారిలో పెట్టడానికి ఏర్పడ్డ ఓబీఓ ఫౌండ్రీ బృందం ఒక్కో రంగానికి ఒక్క కోశం చాలని సూత్రం పెట్టింది. మంచి మాటే, కాకపోతే అప్పటికే ఎవరి చెరువులో వాళ్లు చేపపిల్లను వదిలేశారు.

అన్నీ అనవసరపు నకళ్లని కొట్టిపారేయడానికీ లేదు. వరి ఎత్తునే చూడండి. ట్రెయిట్ ఆంటాలజీలో అది మొక్కకున్న ఒక గుణం, అంతే. క్రాప్ ఆంటాలజీలో ఆ గుణంతో పాటు దాన్ని కొలిచే పద్ధతి, కొలమానం కూడా నమోదవుతాయి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పద్ధతిలో నేల నుంచి అన్నిటికంటే ఎత్తైన కంకి కొస దాకా, మీసాలు వదిలేసి, సెంటీమీటర్లలో కొలవాలి. రెండింటి పేరూ ఎత్తే అయినా రెండోది మొదటిదానికంటే ఇరుకు.

ఆ తేడాను రాసిపెట్టే అలవాటు చాలాకాలం లేకపోయింది. ఒక పదం పక్కన మరో కోశంలోని పదం గుర్తింపు సంఖ్య వేసి "అక్కడ కూడా చూడండి" అన్నట్టు వదిలేసేవారు. అది సమానమా, దగ్గరిదా, ఉత్త సంబంధమా అన్నది వేసినవారికే తెలియాలి. వాడుకునేవాళ్లు మాత్రం సమానమనే తీసుకున్నారు. అలా మూడు కోశాల మీదుగా గొలుసు కడితే మొదటి పదానికీ చివరి పదానికీ పొంతనే ఉండదు.

డెల్టాలో దీనికి తగిన ఉదాహరణ ముంపు అనే మాట. మారుటేరులో పుట్టిన వరి వంగడం ఎంటియు 7029, అంటే స్వర్ణ, 1982లో విడుదలైంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ వరి నుంచి వచ్చిన సబ్1 గుణాన్ని దానికి చేర్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇక్కడ గుణమంటే పైరు ఎదిగే దశలో పూర్తిగా నీట మునిగి, రెండు వారాల దాకా ఉన్నా, నీరు తీశాక తేరుకోవడం. కోనసీమ రైతు నోట ముంపు అంటే అదొక్కటే కాదు. మురుగు కాలువ లాగక మోకాలి లోతు నీరు వారాల తరబడి నిలిచినా ముంపే, కోతకొచ్చిన చేను పడిపోయి నీళ్లలో నానినా ముంపే. ఈ రెండింటికీ సబ్1 మందు కాదు. రైతు మాటకు ఎదురుగా ఆ గుణం పేరు రాసి సమానం గుర్తు పెడితే, విత్తనం ఎంచుకునేటప్పుడే తప్పు జరుగుతుంది.

సంబంధాలకు పేర్లు పెట్టే ఏర్పాటు 2009లో, పదకోశాలను కంప్యూటర్‌కు అందేలా రాసే స్కోస్ ప్రమాణంతో కుదిరింది. అచ్చంగా అదే, దగ్గరిది, దీనికంటే విశాలం, దీనికంటే ఇరుకు, సంబంధం ఉన్నది అని ఐదు రకాలు. సార్వాను ఖరీఫ్‌కు జత చేయాలంటే "దీనికంటే విశాలం" అనాలి. ఖరీఫ్‌లో పత్తీ మొక్కజొన్నా కూడా ఉంటాయి. మన సార్వా కాలువ కింది వరిదే. 2022లో ప్రచురితమైన ఎస్‌ఎస్‌ఎస్‌ఓఎం అనే జతల పట్టిక ప్రమాణం ఇంకో అడుగు వేసింది. ప్రతి జతకూ ఒక వరుస. ఆ వరుసలో సంబంధం ఏ రకమో, ఏ ఆధారంతో జత చేశారో, ఎవరు చేశారో, ఎంత నమ్మకంతో చేశారో రాయడానికి గడులు.

అలాంటి పట్టికలో ఎంటియు 7029 ఎదురుగా స్వర్ణ అని రాసి "అచ్చంగా అదే" అనడానికి నిమిషం చాలు. దోమ దగ్గరికి వచ్చేసరికి ఒక్క వరుస సరిపోదు. గోధుమరంగు సుడిదోమకు ఒకటి, దుబ్బు మొదళ్లలోనే ఉండే తెల్లమచ్చ దోమకు మరొకటి, అవి చేసే నష్టానికి ఇంకొకటి. నాలుగోది ఇంట్లో కుట్టే దోమకు. ఊళ్లో బోదకాలు కేసులు నమోదు చేసే ఆరోగ్య కార్యకర్త దోమ అన్నప్పుడు పనికొచ్చేది ఈ వరుసే.