పల్చటి ఫోను కోసం ఏం వదులుకున్నాం

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మా అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అప్పట్లో హాజరు మస్టరు కాగితం మీద వేసేవాళ్లు. 2023 జనవరి నుంచి ఫోనులో హాజరు వేసే ఎన్‌ఎంఎంఎస్ యాప్ తప్పనిసరి అయింది. కూలీల పని చూసుకునే మేటు పని జరిగే చోటే నిలబడి రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. రెండో ఫొటోకు ముందే ఫోను ఆఫ్ అయిందంటే హాజరుకే ఇబ్బంది. ఫోను మందం, బ్యాటరీ గురించిన చర్చ ఇక్కడ కూలి డబ్బులదాకా వస్తుంది.

పైగా చెరువు గట్టు మీద ఛార్జింగ్ దిగిపోయే వేగమే వేరు. ఎండలో తెర కనిపించాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచాలి. టవర్ దూరమయ్యే కొద్దీ ఫోను ఎక్కువ పవర్ వాడి సిగ్నల్ పంపాలి. ఇక వేడి సంగతి. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. మేలో ఇక్కడ నీడలోనే 42 దాటే రోజులుంటాయి. కాలిపోతున్న ఫోనుకు పవర్ బ్యాంకు తగిలించినా ఛార్జింగ్ ఎక్కకపోవడానికి కారణం అదే.

ఒకప్పుడు ఈ టెన్షన్ లేదు. 2003లో వచ్చిన నోకియా 1100 బరువు 86 గ్రాములు, బ్యాటరీ 850 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత). చిన్న తెర, నెట్ లేదు, కాబట్టి రోజుల తరబడి వచ్చేది. వెనక మూత తీస్తే బీఎల్-5సీ బ్యాటరీ చేతికొచ్చేది. అది ఉబ్బిందేమోనని అనుమానం వస్తే బల్ల మీద పెట్టి వేలితో తిప్పేవాళ్లు. గిర్రున తిరిగితే ఉబ్బినట్టే, కొత్తది కొనుక్కుని ఎవరికి వాళ్లే వేసుకునేవాళ్లు.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్ 11.6 మి.మీ. మందం. దాని బ్యాటరీ లోపలే బిగించేశారు. చేత్తో తీసే బ్యాటరీకి గట్టి తొడుగు, ఫోనులో దానికో గూడు, పైన మూత కావాలి. లోపలే అతికిస్తే ఆ చోటంతా మిగులుతుంది. మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా ఆ దారే పట్టాయి, పల్చదనం పోటీ ముదిరింది. 2014లో ఒప్పో ఆర్5 4.85 మి.మీ.కి దిగింది, అదే ఏడాది వివో ఎక్స్5 మ్యాక్స్ 4.75కి. 2015లో మన మైక్రోమ్యాక్స్ తెచ్చిన కాన్వాస్ స్లివర్ 5 మందం 5.1 మి.మీ., బరువు 97 గ్రాములే. బ్యాటరీ 2000 ఎంఏహెచ్.

పల్చన చేసినప్పుడు దెబ్బంతా బ్యాటరీకే ఎందుకు తగులుతుంది? అద్దం, తెర, వెనక మూత ఒక హద్దు దాటి తగ్గవు. వాటి మధ్య మిగిలిన సందే బ్యాటరీది. శామ్‌సంగ్ 2025లో తెచ్చిన రెండు ఫోన్లు చూడండి, రెండింటిదీ 6.7 అంగుళాల తెరే. ఎస్25 ప్లస్ 7.3 మి.మీ., 190 గ్రాములు, 4900 ఎంఏహెచ్. ఎస్25 ఎడ్జ్ 5.8 మి.మీ., 163 గ్రాములు, 3900 ఎంఏహెచ్. ఒకటిన్నర మి.మీ. కోసం వెయ్యి ఎంఏహెచ్ పోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి సంగతి. 500 సార్లు నిండా ఛార్జ్ అయ్యాక సామర్థ్యం 80 శాతానికి వస్తుందన్నది చాలాకాలం వాడుకలో ఉన్న లెక్క. రోజుకు ఒకసారి పెడితే సరిపోయే బ్యాటరీకి అది 500 రోజులు. రెండుసార్లు పెట్టాల్సిన చిన్న బ్యాటరీకి 250 రోజులే. అసలే తక్కువున్నది ముందుగా అరిగిపోతుంది, మార్చుకుందామంటే మూత రాదు.

2016 సెప్టెంబరులో జియో రావడంతో గాలి మారింది. చవక 4జీతో వీడియోలు గంటల తరబడి నడిచాయి, 2000 ఎంఏహెచ్ ఏ మూలకూ చాలలేదు. మన మార్కెట్ కోసం బరువైన ఫోన్లు వరసకట్టాయి. 2020 నాటి శామ్‌సంగ్ ఎం51లో 7000 ఎంఏహెచ్, మందం 9.5 మి.మీ., బరువు 213 గ్రాములు. చొక్కా జేబు కిందికి లాగేంత బరువు, అయినా జనం మోశారు.

సిలికాన్ కార్బన్ బ్యాటరీ వచ్చాక లెక్క కొంత మారింది. మామూలు లిథియం బ్యాటరీలో వాడే గ్రాఫైట్ కంటే సిలికాన్ చాలా ఎక్కువ లిథియంను పట్టుకుంటుంది, కానీ అప్పుడు మూడింతలదాకా ఉబ్బుతుంది. అందుకే కార్బన్‌తో కలిపి వాడతారు. 2023లో హానర్ దీన్ని ఫోన్లలోకి తెచ్చింది. 2025లో ఇక్కడికొచ్చిన వన్‌ప్లస్ 13లో 6000 ఎంఏహెచ్ 8.5 మి.మీ.లో ఇమిడింది. బరువు మాత్రం 210 గ్రాముల దగ్గరే ఉంది.

ఇంత బ్యాటరీ ఉన్నా అది కూడా లోపల అతికించిందే. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి 18 నుంచి వినియోగదారుడే బ్యాటరీ తీసి మార్చుకునేలా పరికరాలు ఉండాలని చట్టం చేసింది, కొన్ని మినహాయింపులతో. మన కేంద్రం 2022లో కంపెనీల రిపేరు సమాచారం ఒకచోట దొరికేలా రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అక్కడితో ఆగకూడదు. సొంత డబ్బుతో కొన్న ఫోనుతో సర్కారు పని చేస్తున్న మేటుకు, అరిగిన బ్యాటరీని ఊళ్లోనే మార్చుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి.