లగ్జరీ ఎస్‌యూవీకి ఏ పెట్రోలు, ఎప్పుడు ఆయిల్, అద్దంలో మచ్చ ఎందుకు: అపోహలు - వాస్తవాలు

లగ్జరీ ఎస్‌యూవీలు సర్వీసింగ్ చేసేవాడిగా నాకు ఓనర్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు మూడే: ఏ పెట్రోలు కొట్టించాలి, ఆయిల్ ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి, సైడ్ అద్దానికి ఏమైంది. ఖరీదైన బండి కాబట్టి అన్నిట్లోనూ ఖరీదైనదే వాడాలని చాలామంది గట్టిగా నమ్ముతారు. దాంతో అక్కర్లేని చోట డబ్బు పోతోంది, నిజంగా చూసుకోవాల్సిన చిన్న విషయాలు వెనకబడిపోతున్నాయి. మంచి బండ్లు అలా పాడవడం చూస్తుంటే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆక్టేన్ ఎంత ఎక్కువైతే పికప్ అంత ఎక్కువ, ఇంజన్ అంత శుభ్రం.

ఆక్టేన్ అంటే శక్తి కాదు. పిస్టన్ గట్టిగా నొక్కినప్పుడు పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే సంఖ్య అది. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని మిగతా పెట్రోళ్లను వాటితో పోల్చి కొలుస్తారు. టర్బో ఉన్న ఇంజన్‌లో సిలిండర్ లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ తట్టుకునే గుణం కూడా ఎక్కువ కావాలి. అది చాలకపోతే నాకింగ్, అంటే పెట్రోలు తనంతట తాను అంటుకుని ఇంజన్‌లో కొట్టుకోవడం, మొదలవుతుంది. నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టి స్పార్క్ పడే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజన్‌కు రక్షణ దొరుకుతుంది కానీ పికప్, మైలేజ్ రెండూ తగ్గుతాయి. నిండా మనుషులతో, సామానుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

కాబట్టి పెట్రోలు మూత వెనక ఉన్న స్టిక్కర్ చదవండి. అక్కడ 'కనీసం 95' అని ఉంటే అంతకన్నా తక్కువ కొట్టించకండి. '98 మంచిది, కనీసం 95' అని ఉంటే 98తో కొంచెం లాభం ఉంటుంది, 95తో నష్టం ఉండదు. కనీసం 91 చాలని రాసిన ఇంజన్‌లో 98 పోసినంత మాత్రాన బండి మారిపోదు. ఇంకో విషయం, అమెరికా పంపుల మీద ఉండే సంఖ్య వేరే లెక్క. ఆక్టేన్‌ను కొలిచే రెండు పద్ధతులు ఆర్ఓఎన్, ఎంఓఎన్. పైన చెప్పిన 95, 98 ఆర్ఓఎన్ అంకెలు. అక్కడ మాత్రం ఈ రెండింటి సగటును రాస్తారు. అక్కడి 91, ఆర్ఓఎన్ లెక్కలో దాదాపు 95-96 అవుతుంది. ఒక దేశపు సలహాను ఇంకో దేశపు పంపు దగ్గర పాటించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక శుభ్రం సంగతి. మురికిని వదిలించేది పెట్రోలులో కలిపే డిటర్జెంట్లు, ఆక్టేన్ కాదు. పైగా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులను తాకదు. వాటి మీద పేరుకున్న నల్లటి మసిని ఏ ప్రీమియం పెట్రోలూ కడగలేదు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ వణకడం, మిస్ కొట్టడం మొదలైతే మానిఫోల్డ్ (ఇంజన్‌కు గాలి తెచ్చే గొట్టాల భాగం) విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయాల్సిందే. ట్యాంకులో పోసే సీసా మందులు ఇంజెక్టర్లకు కొంత పనిచేస్తాయేమో గానీ ఆ వాల్వులను చేరవు. సిలిండర్‌లోకీ, వాల్వుల ముందూ రెండు చోట్లా పెట్రోలు చిమ్మే ఇంజన్లలో ఈ బెడద తక్కువ.

అపోహ: పంపు ఆటో కట్ అయ్యాక కూడా ఇంకొంచెం పోయించుకుంటే లాభం.

దీని వల్ల జరిగేది నష్టమే. ట్యాంకు పైభాగంలో ఖాళీ ఉంచేది ఆవిరి కోసం. ఆ ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఒకటి బండిలో ఉంటుంది. కట్ అయ్యాక కూడా నింపుతూ పోతే పెట్రోలే ఆ డబ్బాలోకి చేరి దాన్ని పాడు చేస్తుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, ట్యాంకు నింపాక స్టార్టింగ్ ట్రబుల్ వస్తుంది. మొదటిసారి కట్ అవగానే ఆపించండి. అలాగే ట్యాంకును ప్రతిసారీ ఎండగట్టకండి. లోపల ఉండే పంపు చల్లబడేది ఆ ఇంధనంతోనే.

అపోహ: యాడ్‌బ్లూ అంటే డీజిల్‌లో కలిపే మందు.

ఇది చాలా ప్రమాదకరమైన పొరపాటు. యాడ్‌బ్లూ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. దానికి వేరే ట్యాంకు ఉంటుంది, మూత సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. అది సైలెన్సర్ లైనులో పొగ మీద పడి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుందే తప్ప ఇంజన్‌లోకి వెళ్లదు. డీజిల్ ట్యాంకులో పడితే యూరియా గడ్డకట్టి హైప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు అన్నీ పోతాయి. అలా పడిందని తెలిస్తే, లేదా డీజిల్ బండిలో పెట్రోలు పడితే, స్టార్ట్ చేయడం కాదు, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకండి. ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు తిరిగి ఆ కల్తీని ముందుకు తోస్తుంది. అక్కడి నుంచి టోయింగ్ చేయిస్తే ట్యాంకు కడిగితే సరిపోతుంది. అదే ఒక్కసారి స్టార్ట్ చేస్తే మొత్తం ఇంధన వ్యవస్థ విప్పాల్సి రావచ్చు.

అపోహ: ఫుల్లీ సింథటిక్, 5డబ్ల్యూ-30 అయితే ఏ కంపెనీ ఆయిలైనా ఒకటే.

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు వివరించేది దీని గురించే. 5డబ్ల్యూ-30 అనేది చిక్కదనం మాత్రమే. చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో మొదటి అంకె, వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో రెండో అంకె చెబుతాయి. ఆ ఆయిల్‌లో ఏ రసాయనాలు ఉన్నాయో అది చెప్పదు. దాని కోసం డబ్బా వెనక ఉన్న అప్రూవల్ నంబర్ చూడాలి. మెర్సిడెస్‌కు ఎంబీ 229.52, బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-04, ఆడి ఉన్న ఫోక్స్‌వాగన్ గ్రూపుకు 504 00/507 00, పోర్షేకు సీ30, ఇలా ఎవరి నంబర్లు వాళ్లకున్నాయి. ఒకే కంపెనీలో కూడా ఇంజన్‌ను బట్టి నంబర్ మారుతుంది. ఫోక్స్‌వాగన్‌లో 508 00/509 00 ఆయిల్ 0డబ్ల్యూ-20, అంటే ఇంకా పలుచన. కొత్తది కదా అని దాన్ని 504 00 అడిగే ఇంజన్‌లో పోయకూడదు.

డీజిల్ బండ్లలో అయితే ఈ నంబర్ ఇంకా ముఖ్యం. ఆయిల్ కొద్దికొద్దిగా మండినప్పుడు మిగిలే బూడిద, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో చేరుతుంది. మసిని రీజెనరేషన్‌లో, అంటే ఫిల్టర్‌ను బాగా వేడిచేసి, కాల్చేయొచ్చు గానీ బూడిదను కాల్చలేం. అందుకే తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ పోయాలి. తప్పు ఆయిల్ పోసిన రోజు ఏమీ తెలియదు. ఫిల్టర్ ముందుగానే నిండిపోయాక తెలుస్తుంది, అప్పటికి ఆ ఆయిల్ ఎవరు పోశారో కూడా ఎవరికీ గుర్తుండదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లకు ఇంకో చిక్కుంది. తక్కువ ఆర్పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్‌కు ముందే మంట పుట్టి పిస్టన్ పగిలే ప్రమాదం ఉంటుంది. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2020లో తెచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణంలో దీనికి కూడా పరీక్ష ఉంది.

డబ్బా మీద 'ఈ ప్రమాణానికి తగినది' అని ఉండటం వేరు, 'అప్రూవ్డ్' అని ఉండటం వేరు. మొదటిది ఆయిల్ తయారీదారు మాట, రెండోది కారు కంపెనీ పరీక్షించి ఇచ్చిన ఆమోదం. నేను రెండోదే పోస్తాను. బిల్లు మీద కూడా ఆ నంబర్ రాయించుకోండి.

అపోహ: ప్రతి 5,000 కిలోమీటర్లకూ మార్చాలి. దీనికి ఎదురు అపోహ: స్క్రీన్ మీద చూపించేదాకా అక్కర్లేదు.

మొదటిది పాత మినరల్ ఆయిల్ రోజుల అలవాటు. రెండోది నా దృష్టిలో ఇంకా హాని చేస్తుంది. చాలా బండ్లలో ఆ స్క్రీన్ ఆయిల్‌ను పరీక్షించదు. ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది, ఎంత ఇంధనం మండింది, ఎంత వేడిలో తిరిగింది, ఎన్ని రోజులైంది అని లెక్క కట్టి చెబుతుంది. మీరు పోసింది సరైన ఆయిలా కాదా అన్నది దానికి తెలియదు. రోజూ దగ్గరి ప్రయాణాలు, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడిచే బండి అయితే 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు మార్చమంటాను. ఎక్కువగా హైవే మీద తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు సరిపోతుంది. ఏడాదంతా తక్కువే తిరిగింది కదా అని వదిలేసే బండ్లతోనే నాకు భయం. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు.

డీజిల్ ఎస్‌యూవీలో ఆయిల్ లెవల్ తగ్గడం కాదు, పెరగడం చూసి ఆశ్చర్యపోతారు. డీపీఎఫ్ రీజెనరేషన్ కోసం అదనంగా పిచికారీ చేసిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కింద ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగుతుంది. దగ్గరి ప్రయాణాల్లో రీజెనరేషన్ మధ్యలోనే ఆగిపోతుంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది. మ్యాక్స్ దాటి కనిపిస్తే 'బాగానే ఉంది' అనుకోకండి. ఆయిల్ పలుచబడిపోయింది, వెంటనే మార్చాలి. రంగు మాత్రం గుర్తు కాదు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం దాని పని.

అపోహ: కొత్త ఇంజన్లు ఆయిల్ తాగవు, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) లేదంటే చూడక్కర్లేదని అర్థం.

అన్ని ఇంజన్లూ కొంత తాగుతాయి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని రాసిన మాన్యువల్స్ కూడా ఉన్నాయి. డిప్‌స్టిక్ లేని బండ్లలో స్క్రీన్ మెనూలో లెవల్ చూడాలి. బండి చదునైన నేల మీద ఉండాలి, ఇంజన్ వేడెక్కి ఉండాలి. కొన్నిట్లో ఇంజన్ నడుస్తుండగా, కొన్నిట్లో ఆపిన కొన్ని నిమిషాలకు కొలుస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: లీటరు పోస్తారు, స్క్రీన్ వెంటనే మారదు, చాలలేదేమోనని ఇంకో లీటరు పోస్తారు. ఆయిల్ ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగకు బేరింగులను కాపాడే శక్తి ఉండదు. అర లీటరు పోసి, కొంత దూరం నడిపి, మళ్లీ కొలవండి.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుంది.

బీఎండబ్ల్యూ, ల్యాండ్ రోవర్ లాంటి ఎన్నో బండ్లలో వాడే 8 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను తయారుచేసేది జెడ్ఎఫ్. ఆ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటోంది. ఫిల్టర్ ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్యాన్ మొత్తం కొత్తది వేయాలి. బండిని పదేళ్లు ఉంచుకోవాలనుకునేవారు దీన్ని వాయిదా వేయొద్దు.

అపోహ: సైడ్ అద్దం అంటే గాజుముక్కే, ఏదో ఒకటి అతికిస్తే చాలు.

ఈ బండ్లలో ఆటో డిమ్మింగ్ అద్దాలు ఉంటాయి. రెండు గాజు పలకల మధ్య ఉన్న జెల్‌లో విద్యుత్ ప్రవహిస్తే అది ముదురు రంగులోకి మారుతుంది. వెనక బండి హెడ్‌లైట్ కళ్లలో కొట్టకుండా కాపాడేది ఆ జెల్లే. అద్దం అంచున గోధుమ రంగు మచ్చ పెరుగుతోందంటే సీలు పోయి లోపలికి గాలి చేరిందన్నమాట. పగుళ్లలోంచి జెల్ కారితే చేత్తో తుడవకండి, చర్మానికి, పెయింటుకు మంచిది కాదు. మామూలు గాజు వేస్తే పట్టేస్తుంది గానీ డిమ్మింగ్ పోతుంది. వేడి చేసే తీగలు లేనిదైతే మంచు, తేమ ఆరడం కూడా పోతుంది. కొనేముందు వెనక ఉన్న పిన్నులు పాతదానితో పోల్చండి.

డిమ్మింగ్ పనిచేయడం లేదని వచ్చే బండ్లలో ముందు నేను చూసేది లోపలి అద్దాన్ని. రోడ్డు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి రెండు సెన్సర్లు దానిలోనే ఉంటాయి, బయటి అద్దాలు దాని మాటే వింటాయి. ముందు సెన్సర్‌కు అడ్డంగా స్టిక్కరో డాష్ కెమెరానో ఉంటే పగలు కూడా రాత్రి అనుకుంటుంది. స్టిక్కర్ జరిపితే సరిపోయే దానికి అద్దం మార్చించుకున్నవాళ్లు ఉన్నారు.

అపోహ: బ్లైండ్ స్పాట్ సెన్సర్ అద్దంలోనే ఉంటుంది.

అద్దంలో కనిపించని పక్క చోటులో (బ్లైండ్ స్పాట్) బండి ఉందని హెచ్చరించే ఏర్పాటు ఇది. అద్దంలో వెలిగేది సూచన లైటు మాత్రమే. ఇప్పటి బండ్లలో చాలావరకు రాడార్ వెనక బంపర్ మూలల్లో ఉంటుంది. బంపర్‌కు దెబ్బ తగిలి ఆ చోట పుట్టీ మందంగా పెట్టి రంగు వేస్తే రాడార్ గుడ్డిదవుతుంది. అలారం రాకపోవడానికి కారణం వెతుకుతూ అద్దాలు విప్పించకండి. కానీ 360 డిగ్రీల కెమెరా ఉన్న బండి అయితే అది అద్దం హౌసింగ్ కింద ఉంటుంది, హౌసింగ్ మార్చాక కాలిబ్రేషన్ (కెమెరా కోణాన్ని మళ్లీ సరిచూడటం) తప్పకుండా చేయించాలి.

ఆ లైటు ఉంది కదా అని అద్దాల సెట్టింగును వదిలేయకండి. చాలామంది సైడ్ అద్దంలో తమ బండి వెనక తలుపు కనిపించేలా పెట్టుకుంటారు. తలను డ్రైవర్ కిటికీకి ఆనించి, బండి పక్కభాగం కాస్త మాత్రమే కనిపించేలా డ్రైవర్ వైపు అద్దాన్ని బయటికి తిప్పండి. తర్వాత రెండు సీట్ల మధ్యకు వంగి రెండోదాన్ని అలాగే సెట్ చేయండి. జార్జ్ ప్లాట్జర్ అనే ఇంజనీర్ 1995లోనే ఈ పద్ధతిని లెక్కలతో సహా వివరించారు. మామూలుగా కూర్చుంటే మీ బండి కనిపించదు, పక్క లేన్ కనిపిస్తుంది. మొదట్లో కొంచెం కొత్తగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

రివర్స్ వేసినప్పుడు ప్రయాణికుడి వైపు అద్దం కిందికి వంగడం ఆగిపోయిందంటే, మోటార్ పోయిందని తేల్చే ముందు అద్దాల స్విచ్‌ను ఆ వైపుకు తిప్పి చూడండి. చాలా మోడళ్లలో స్విచ్ అటు ఉంటేనే వంగుతుంది. ఎవరైనా చేత్తో బలవంతంగా మడిచాక అద్దం వదులై ఊగుతుంటే, బటన్‌తో పూర్తిగా మూసి తెరవండి. 'టక్' మని శబ్దం వచ్చి గేర్ తన చోట కూర్చుంటుంది. అప్పటికీ ఊగుతుంటేనే వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.