నిప్పు మీద లాబ్‌స్టర్ తోక ఎందుకు ముడుచుకుంటుంది?

ముప్పు ఎదురైనప్పుడు లాబ్‌స్టర్ ముందుకు పరుగెత్తదు. తోకను ఒక్క ఊపున పొట్ట కిందికి లాక్కుని వెనక్కి దూసుకుపోతుంది. తోకలో ఉన్న మాంసమంతా దాదాపు ఆ ఒక్క పనికోసమే. తోకను వంచే కండరాలు లావుగా, అడుగువైపు నిండుగా ఉంటాయి. మళ్లీ చాపే కండరాలు వీపువైపు పల్చగా ఉంటాయి. మనం కొని కాల్చుకునేది చాలావరకు ఆ వంచే కండరాన్నే. వేడి తగలగానే అందులోని ప్రొటీన్లు కుంచించుకుపోతాయి, అడుగున ఉన్న పల్చటి పొర కూడా బిగుస్తుంది. దాంతో బతికుండగా ఎటు వంగేదో తోక అటే చుట్టుకుపోతుంది. చుట్టుకున్న తోక గ్రిల్‌కి ఒకటి రెండు చోట్లే ఆనుతుంది. అక్కడ మాడుతుంది, మిగతాచోట పచ్చిగా ఉంటుంది. ఇంట్లో లాబ్‌స్టర్ పాడవడానికి ఉన్న కారణాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

ముందు ఏ తోక కొంటున్నామో చూసుకోవాలి. ఒకే పేరుతో అమ్మేవి రెండు వేర్వేరు కుటుంబాలవి. పీతకున్నట్టు పెద్ద డెక్కలున్నది అమెరికన్ లాబ్‌స్టర్. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, కెనడాలోని నోవా స్కోషియా తీరాల చల్లటి నీళ్లలో పట్టేది ఇదే. రెండోది రాక్ లాబ్‌స్టర్. దీనికి డెక్కలుండవు, ముళ్లున్న పొడవాటి మీసాలుంటాయి. ఫ్లోరిడా, కరీబియన్, ఆస్ట్రేలియా తీరాల్లోనూ, మన విశాఖపట్నం వైపూ దొరికేది ఈ రకమే. డెక్కలు లేవు కాబట్టి అమ్ముకోదగ్గ మాంసమంతా తోకలోనే ఉంటుంది. అందుకే ఫ్రీజర్లలో కనిపించే తోకల్లో ఇవే ఎక్కువ. పెంకు మీద లేత పసుపు మచ్చలు పెద్దవిగా కనిపిస్తే అది బహుశా కరీబియన్ సరుకు. వెచ్చటి నీళ్ల తోకలు ధరలో చవక, కానీ మాంసం మెత్తబడిపోయే గండం వీటికే ఎక్కువ. అలాగని రాక్ లాబ్‌స్టరంతా వెచ్చటి నీళ్లదే అనుకోకూడదు. న్యూజిలాండ్, దక్షిణ ఆస్ట్రేలియా రాక్ లాబ్‌స్టర్లు చల్లటి నీళ్లవే, చాలా బాగుంటాయి కూడా.

మెత్తబడటానికి కారణం లాబ్‌స్టర్ తలభాగంలో ఉండే జీర్ణగ్రంథి. ప్రాణం పోయాక అందులోని ఎంజైములు బయటికి కారి తోక కండరాన్ని కరిగించడం మొదలుపెడతాయి. చనిపోయాక తోకను వేరు చేయడం ఆలస్యమైతే కండ లోపలే దెబ్బతింటుంది. అలాంటి తోక ఎంత జాగ్రత్తగా కాల్చినా ముద్దలా చెదిరిపోతుంది, తప్పు మీ చేతిది కాదు. అమ్మోనియా వాసన వస్తున్నా, కోసిన అంచు వదులుగా జిగటగా ఉన్నా కొట్టువాడికి తిరిగిచ్చేయడమే. ప్యాకెట్ వెనక అక్షరాలు కూడా చదవండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే కండలో నీళ్లు నిలిచేలా చేశారని అర్థం. ఆ నీళ్లు నిప్పుల మీద కారుతూనే ఉంటాయి, మాంసం ఎంతకీ ఎర్రగా కాలదు.

పరిమాణం విషయానికొస్తే ఒక్కొక్కటి 140 నుంచి 170 గ్రాములున్న తోక గ్రిల్‌కి అనువు. మరీ చిన్నవైతే పైన రంగు వచ్చేలోపే లోపల ఉడికి బిగుసుకుపోతాయి. చిన్నవి కొనకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఎదిగి గుడ్లు పెట్టకముందే పట్టేస్తే సముద్రంలో మిగలవు. మన దేశం నుంచి ఎగుమతి చేసే లాబ్‌స్టర్లకి జాతిని బట్టి కనీస బరువు ఉండాలని 2003లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. మెయిన్ జాలర్లైతే గుడ్లతో ఉన్న ఆడది దొరికినప్పుడు దాని తోక రెక్కలో వి ఆకారంలో గాటు పెట్టి నీళ్లలో వదిలేస్తారు. ఆ గాటు ఉన్నదాన్ని తర్వాత గుడ్లు లేనప్పుడు పట్టుకున్నా అమ్మకూడదు.

గడ్డకట్టిన తోకను ఫ్రిజ్‌లో కింది అరలో ఒక రాత్రి, ఒక పగలు ఉంచితే చాలు. తొందరైతే నీళ్లు చొరబడని సంచిలో పెట్టి చల్లటి నీళ్లలో ముంచండి, అరగంట నుంచి గంట పడుతుంది. వేడినీళ్లు వద్దు. పైపొర ఉడకడం మొదలవుతుంది, మధ్యలో మంచు అలాగే ఉంటుంది. సగం కరిగిన తోకను నిప్పు మీద పెడితే మాంసం పెంకుకు అతుక్కుని పీచుపీచుగా ఊడుతుంది.

కోయడంలో ఇంటర్నెట్ ఫోటోలు చాలామందిని తప్పుదోవ పట్టిస్తాయి. పై పెంకును కత్తిరించి, మాంసాన్ని బయటికి లాగి పెంకు మీద కూర్చోబెట్టే పద్ధతి చూడటానికి బాగుంటుంది. పైనుంచి వేడి కొట్టే ఓవెన్‌కి అది సరిపోతుంది. గ్రిల్‌కి కాదు. కింద ఉన్న నిప్పుకి మాంసం దూరమవుతుంది, గాలికి ఎండిపోతుంది. గ్రిల్ మీద నిలువునా రెండు చెక్కలు చేయడమే మేలు. తోకను వెల్లకిలా పెట్టి, వంటింటి కత్తెరతో అడుగు పొరను ముందు కత్తిరించండి. ఆపైన బరువైన కత్తిని మధ్యలో ఆనించి ఒక్కసారిగా పెంకుదాకా నొక్కండి. నల్లటి పేగు కనిపిస్తే తీసేయండి. రెండు చెక్కలకీ కలిపి చిటికెడు ఉప్పు చల్లి పావుగంట ఉంచి, పేపర్ టవల్‌తో తడి పూర్తిగా అద్దేయండి. తడి ఉన్నంతసేపూ మాంసం పైభాగం వంద డిగ్రీలు దాటదు, అది దాటందే కాలిన రంగూ రాదు, వాసనా రాదు.

చెక్కలు కూడా వంగుతాయి, కాకపోతే తక్కువ. తోక రెక్క వైపు నుంచి ముందుకొస దాకా పెంకును ఆనుకుని ఒక ఇనుప చువ్వ గుచ్చితే కదలవు. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టాలి.

ఇక అసలు సంగతి, వేడి. కండరంలో ముఖ్యమైన ప్రొటీన్లు రెండు, మయోసిన్, యాక్టిన్. 50 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరికొచ్చేసరికి మయోసిన్ గడ్డకడుతుంది. గాజులా ఉన్న కండ తెల్లబడుతుంది, కొరికితే తెగేంత బిగువు వస్తుంది, రసం మాత్రం లోపలే ఉంటుంది. 65 దాటాక యాక్టిన్ వంతు. అది ముడుచుకుంటూ రసాన్నంతా బయటికి పిండేస్తుంది, అప్పుడు మాంసం నమిలినా తెగదు. కాబట్టి మనకున్న చోటు చాలా ఇరుకు. మధ్యభాగం 57 డిగ్రీలకి (ఫారెన్‌హీట్‌లో 135) రాగానే దించేస్తే, పళ్లెంలో మూడు నిమిషాలు ఉండేసరికి లోపలి వేడితోనే 60కి చేరుతుంది. అమెరికా ప్రభుత్వ సలహా 63 డిగ్రీలు (145). గర్భిణులకి, పెద్దవాళ్లకి, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి వండేటప్పుడు ఆ లెక్కే పాటించండి. కాస్త బిగువు పెరుగుతుంది, అంతే.

మాడుతుందన్న భయంతో సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచేవాళ్లున్నారు. అది ఇంకో తప్పు. ఇందాక చెప్పిన ఎంజైములు 50, 55 డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేస్తాయి. ఆ మధ్యలో తోక ఎంతసేపు నానితే అంత మెత్తబడుతుంది. ఆ దశను త్వరగా దాటించాలంటే గ్రిల్ బాగా వేడిగా, 220, 230 డిగ్రీల దగ్గర ఉండాలి. బొగ్గులైతే అన్నీ ఒక పక్కకి పోసి, రెండో పక్క ఖాళీగా వదలండి. జాలికి, మాంసానికి పల్చగా నూనె రాసి, కోసిన వైపు కిందికి పెట్టి నిప్పుల పైనే రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. మాంసంపై గోధుమరంగు చారలు పడ్డాక తిప్పి, పెంకు వైపు కిందికి పెట్టి మరో నాలుగైదు నిమిషాలు మూతవేయండి. ఇక్కడ పెంకే గిన్నె. నేరుగా తగిలే మంటను అది ఆపుతుంది, కారిన రసాన్ని పట్టి ఉంచుతుంది. పెంకు నల్లబడుతోందంటే ఖాళీ పక్కకి జరిపేయడమే. ఫాయిల్‌లో చుట్టి పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి. అది ఆవిరి మీద ఉడకడమే, దానికి బొగ్గులెందుకు?

థర్మామీటర్ సూదిని కోసిన లావైన కొసనుంచి మాంసం మధ్యలోకి పోనివ్వండి, పెంకుకు తగిలితే తప్పు అంకె చూపిస్తుంది. ఔన్సుకి (సుమారు 28 గ్రాములకి) ఒక నిమిషం అనే ప్రచారంలో ఉన్న లెక్కను నమ్ముకోవద్దు. వేడి లోపలికి చేరే సమయం బరువును బట్టి కాక మందాన్ని బట్టి, అదీ మందం వర్గాన్ని (మందాన్ని మందంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. అదే ఆకారంలో బరువు రెట్టింపైన తోక మందం 1.26 రెట్లే అవుతుంది. అంటే పట్టే సమయం సుమారు 1.6 రెట్లు. ఔన్సు లెక్కతో పెద్ద తోకను రెండింతలసేపు ఉంచితే ఎండిపోక ఏమవుతుంది?

పెంకు ఎర్రబడటాన్ని చూసి ఉడికిందనుకోవడం కూడా పొరపాటే. ఆస్టాజాంథిన్ అనే ఎరుపు రంగు పదార్థం పెంకులో ముందునుంచీ ఉంటుంది. క్రస్టాసయానిన్ అనే ప్రొటీన్ దాన్ని బిగించి పట్టుకుని ముదురు నీలంగా మార్చేస్తుంది. వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే అసలు ఎరుపు బయటపడుతుంది. నిప్పుకి దగ్గరున్న పెంకులో ఇది త్వరగా జరిగిపోతుంది, అప్పటికి మాంసం మధ్యలో పచ్చిగానే ఉండవచ్చు.

వెన్న విషయంలో తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. వెన్నలో ఉన్న పాలపదార్థం 150 డిగ్రీల దగ్గరే మాడి చేదెక్కుతుంది, కారిన చుక్కకి మంట లేచి మసి పడుతుంది. అమెరికాలో లాబ్‌స్టర్‌కి పక్కన పెట్టే కరిగించిన, తేటతీసిన వెన్న దాదాపు మన నెయ్యే. నాలుగు చెక్కలకి రెండు టేబుల్‌స్పూన్ల నెయ్యి, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, కాస్త మిరియాలపొడి గోరువెచ్చగా చేసి, ఆఖరి నిమిషంలో మాత్రమే రాయండి. వెల్లుల్లి, కారం ముందే పట్టిస్తే మాడిపోతాయి. నిమ్మరసం దించాక పిండాలి. ముందే పోసి ఉంచితే పులుపుకే పైపొర ఉడికినట్టు తెల్లబడి సుద్దలా తగులుతుంది. మసాలా దట్టంగా పూయడం నాకైతే దండగనిపిస్తుంది. సముద్రపు ఉప్పును తట్టుకోడానికి ఈ జీవులు కణాల్లో గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు నిల్వ చేసుకుంటాయి. లాబ్‌స్టర్ తియ్యదనం చాలావరకు వాటిదే. గరం మసాలా కింద ఆ రుచి దొరకదు.

రొయ్యలు పడనివాళ్లు దీనికీ దూరంగా ఉండాలి. అలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ వేడికి చెడిపోదు, ఎంత కాల్చినా అంతే. కొందరికి వండేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చినా ఇబ్బంది మొదలవుతుంది.

మిగిలిన ముక్కల్ని మళ్లీ వేడిచేయకండి, తప్పించుకున్న 65 డిగ్రీల గండంలోకి మళ్లీ నెట్టినట్టవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చల్లగానే మయొనీజ్‌తో బ్రెడ్డులో పెట్టుకోవచ్చు. పెంకుల్ని మాత్రం పారేయకండి. ఆస్టాజాంథిన్ కొవ్వులో కరుగుతుంది. పెంకుల్ని కడిగి ఆరబెట్టి, చిన్నచిన్న ముక్కలు చేసి, మునిగేంత నెయ్యిలో సన్నసెగ మీద అరగంట ఉంచి వడకడితే నారింజరంగు నెయ్యి వస్తుంది. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగైదు రోజుల్లో వాడేయండి. రొయ్యల పులావు తాలింపుకి అది బాగా కుదురుతుంది.