రోసాలియా చుట్టూ వివాదం: ఫ్లమెన్కో ఎవరి పాట?

2018లో ‘మలామెంతె’ పాటతో స్పానిష్ గాయని రోసాలియా పేరు దేశాలు దాటింది. ఆమె వెంటే ఒక ఆరోపణా బయలుదేరింది. స్పెయిన్‌లో హితానోలని పిలిచే జిప్సీ కుటుంబాలు తరతరాలుగా గొంతులో దాచుకున్న ఫ్లమెన్కో అనే దక్షిణ స్పెయిన్ సంప్రదాయ గానాన్ని, ఆ సమాజానికి చెందని, ఈశాన్య స్పెయిన్‌లోని కాటలోనియా యువతి వారి యాసతో, వారి మాటలతో సహా తీసుకుని పేరూ డబ్బూ గడిస్తోందని హితానో కార్యకర్తలు కొందరు నిలదీశారు.

ఈ ఆవేదన వెనుక అయిదు శతాబ్దాల చరిత్ర ఉంది. వాయవ్య భారతదేశం నుంచి ఎప్పుడో బయలుదేరినవారి సంతతి 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరింది. సంచార జీవనం మానకపోతే దేశం విడిచిపోవాలని 1499లోనే రాజశాసనం వెలువడింది. 1749 జులైలో ఆరవ ఫెర్నాండో ప్రభుత్వం దేశమంతటా ఒకేసారి వేలాది హితానోలను నిర్బంధించి, ఆ జాతి మరి పెరగకూడదన్న ఉద్దేశంతో మగవారిని, ఆడవారిని వేరుచేసి, మగవారిని నౌకానిర్మాణ కేంద్రాల్లో వెట్టిచాకిరీకి పంపింది. ఫ్లమెన్కో ఆ తరువాతి కాలంలో దక్షిణాన ఉన్న అండలూసియాలోని కాదిజ్, హెరెజ్, సెవిల్ ప్రాంతాల్లో రూపుదిద్దుకుంది. అందులోని ఏడుపుజీర కేవలం గానశైలి అని నేను అనుకోలేను.

అయితే ఆ పాట ఏనాడూ ఒక్క సమాజం గడప లోపలే ఉండిపోలేదు. 19వ శతాబ్దంలో ఫ్లమెన్కోను టికెట్టు కొని వినే వేదికల మీదికి తెచ్చినవారిలో ముఖ్యుడైన సిల్వేరియో ఫ్రాంకొనెత్తి హితానో కాడు, ఇటలీ దేశస్థుడి కొడుకు. విద్య నేర్చుకున్నది మాత్రం ఎల్ ఫియో అనే హితానో గాయకుడి దగ్గర. స్వచ్ఛత గురించిన తగాదా కూడా పాతదే. హితానోల ఆరాధ్య గాయకుడు కమరోన్ 1979లో ఎలక్ట్రిక్ గిటారును, మన సితారును సైతం తన పాటల్లోకి తెచ్చినప్పుడు సంప్రదాయవాదులు ఆయననే తప్పుపట్టారు.

బార్సిలోనా సమీపంలోని పారిశ్రామిక ప్రాంతంలో, అండలూసియా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లల మధ్య పెరిగిన రోసాలియా పదమూడేళ్ల వయసులో విన్నది ఆ కమరోన్ గొంతునే. ఆ తర్వాత ఆమె ఫ్లమెన్కో గానాన్ని ఏళ్ల తరబడి గురువు దగ్గర అభ్యసించింది. దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతపు ఆక్సిటన్ భాషలోని 13వ శతాబ్దపు కావ్యం ఆధారంగా రూపొందించిన ‘ఎల్ మాల్ కెరేర్’ ఆల్బమ్ ఆమె డిగ్రీ చివరి ప్రాజెక్టు. అది 2019లో లాటిన్ గ్రామీలలో ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా నిలిచి, మరుసటి ఏడాది గ్రామీ కూడా గెలుచుకుంది. 2022 నాటి ‘మోటోమామి’లో ఆమె లాటిన్ అమెరికా నృత్యసంగీతమైన రెగెటాన్ వైపు మళ్లింది, 2025లో వచ్చిన ‘లుక్స్’లో వాద్యబృందంతో కలిసి పదికి పైగా భాషల్లో పాడింది.

ఆమె సాధనను శంకించడం అన్యాయమని నా అభిప్రాయం. కానీ విమర్శకుల ప్రశ్న సాధన గురించినది కాదు, ఆ పాట తెచ్చే పేరూ డబ్బూ ఎవరికి దక్కుతున్నాయన్నది. యునెస్కో 2010లో ఫ్లమెన్కోను మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ గానానికి పుట్టినిళ్లలో ఒకటిగా చెప్పుకొనే సెవిల్‌లోని త్రియానా పేట నుంచి హితానో కుటుంబాలను 1950, 60 దశకాల్లోనే నగర శివార్లకు తరలించారు. వారిలో అనేకులు చేరిన పోలిగోనో సుర్ నేటికీ స్పెయిన్‌లోని అత్యంత పేద వాడల్లో ఒకటి.