మెడ మీది నలుపు, అంగన్‌వాడీ ఉప్మా

నారాయణపేట వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఆరోగ్య శిబిరం జరుగుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి వంతు వచ్చింది. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నాయి, పొట్ట దగ్గర మాత్రం కాస్త కొవ్వు. బరువు చూస్తే మామూలే. డాక్టర్ ఆ పిల్ల జడ పక్కకు జరిపి మెడ చూశారు. వెనక మడతల్లో చర్మం నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా ఉంది. పిల్ల సిగ్గుపడి వెంటనే చున్నీ కప్పుకుంది. "రోజు రుద్దుతనే ఉన్న మేడం, పోతలేదు" అంది. వాళ్లమ్మ సున్నిపిండితో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది. ఒకచోట తోలు కూడా లేచింది.

అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ చాలాకాలం ఎక్కువగా ఉంటే చర్మం అలా మారుతుంది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, దాన్ని కండరాల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. ఒంట్లో కణాలు దాని మాట వినడం తగ్గించినప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి ఎలాగోలా పని నడిపిస్తుంది. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటున్నారు. ఆ దశలో షుగర్ పరీక్ష చేస్తే నార్మల్ అనే వస్తుంది. క్లోమం అలసిపోయాక, చాలామందికి పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక, షుగర్ బయటపడుతుంది. మరి ఆ నార్మల్ రిపోర్టు వెనక దాగి ఉన్నదాన్ని బడి వయసులోనే, చౌకగా దొరికే రక్తపరీక్షలతో పట్టుకోలేమా అన్న ప్రశ్న ఇప్పుడు వైద్యుల ముందు ఉంది. ఆ ప్రశ్న ఎక్కడెక్కడ తిరిగి మన బడి దాకా వచ్చిందో చెప్పాలి.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఇన్సులిన్ లేకపోవడమే షుగర్ జబ్బు అని అప్పటి లెక్క. 1936లో లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ రోగులకు చక్కెర తాగించి, అదే సమయంలో ఇన్సులిన్ ఎక్కించి చూశారు. కొందరిలో చక్కెర ఇట్టే దిగింది, కొందరిలో కదలలేదు. ఇన్సులిన్ ఉన్నా పనిచేయని షుగర్ ఒకటి ఉందని ఆయన తేల్చారు. 1960లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతి తెచ్చారు. పెద్దవయసులో షుగర్ వచ్చిన చాలామందిలో ఇన్సులిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉందని దాంతో కళ్లకు కనిపించింది.

రెసిస్టెన్స్‌ని కచ్చితంగా కొలిచే పద్ధతి 1979 నాటికి స్థిరపడింది. రెండు చేతులకూ సూదులు పెట్టి, ఒకవైపు ఇన్సులిన్, ఇంకోవైపు గ్లూకోజ్ గంటల తరబడి ఎక్కిస్తూ, కొద్ది నిమిషాలకోసారి రక్తం చూడాలి. ఏ బడిలోనూ ఇది అయ్యే పని కాదు. 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు హోమా అనే లెక్క ఇచ్చారు. పరగడుపు షుగర్‌ని పరగడుపు ఇన్సులిన్‌తో హెచ్చవేసి 405తో భాగించాలి. అంకె ఎంత పెరిగితే రెసిస్టెన్స్ అంత ఎక్కువ. ఇద్దరు పిల్లలకు షుగర్ 90 చొప్పునే ఉందనుకోండి. ఒకరికి ఇన్సులిన్ 6, ఇంకొకరికి 18. మొదటి పిల్లకు లెక్క 1.3 వస్తుంది, రెండో పిల్లకు 4. షుగర్ ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే, లోపల జరుగుతున్నది మాత్రం వేరు.

అయితే ఇన్సులిన్ పరీక్ష ఖరీదు. నమూనాను చల్లగా ఉంచాలి, రక్తకణాలు పగిలితే ఇన్సులిన్ అంకె తగ్గిపోతుంది. ఒక ల్యాబ్ అంకెకూ ఇంకో ల్యాబ్ అంకెకూ పొత్తు కుదరదు. ఎండాకాలంలో మక్తల్ దగ్గరి ఊరి నుంచి జిల్లా కేంద్రానికి రక్తం గొట్టాలు ప్రయాణం చేయడం ఊహించండి. అందుకే అందరి చూపూ రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్ల మీద పడింది. ఇన్సులిన్ మాట చెల్లనప్పుడు కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆగకుండా కాలేయానికి చేరుతుంది, కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి తోస్తుంది, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ఈ జంటను 1988లో అమెరికా శాస్త్రవేత్త జెరాల్డ్ రీవెన్ బీపీతో, ఇన్సులిన్‌తో కలిపి ఒకే జబ్బు ముఖాలుగా చూపించారు. 2008లో మెక్సికో పరిశోధకులు ఇంకా తేలిక చేశారు. ట్రైగ్లిజరైడ్లను పరగడుపు షుగర్‌తో హెచ్చవేసి, సగం చేసి, సహజ సంవర్గమానం (లాగ్) తీయాలి. ఇన్సులిన్ పరీక్ష అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌తో భాగించే లెక్క ఇంకా సులువు. 150ని 35తో భాగించడం ఏడో తరగతి పిల్లలకూ వచ్చు.

ఇక మన పిల్లల దగ్గరికి. వాళ్ల విషయంలో బరువు చూసి మోసపోతాం. పుణె దగ్గరి పల్లెల్లో 1993లో గర్భిణుల మీద అధ్యయనం మొదలుపెట్టిన డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్ చూపించింది ఇదే. అక్కడి శిశువులు బ్రిటన్ శిశువుల కంటే చాలా తక్కువ బరువుతో పుట్టారు. కండ తక్కువ, అవయవాలు చిన్నవి, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుంది. పైకి బక్కగా, లోపల కొవ్వుగా పెరుగుతుంది. 2016-18లో దేశమంతా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ల పిల్లల్లో 34 శాతం మందికి, 10-19 ఏళ్ల వాళ్లలో 16 శాతం మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా తేలాయి. లావుగా ఉన్న పిల్లలకే పరీక్ష చేయాలన్న అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు పాలమూరుకు తెస్తే, నేను చూసిన ఆ అమ్మాయి బరువు తూచే మెషిన్ దగ్గరే తప్పిపోతుంది. పరీక్ష కావాలనే వాళ్ల వాదనలో నాకు బలంగా కనిపించేది ఇదే.

తిండి కూడా మారింది. మా తాతల కాలంలో జొన్న రొట్టె, జొన్న గటక, కొర్రన్నం. వరి అన్నం పండక్కి. 1967లో నాగార్జునసాగర్ కాలువలు పారాక మిర్యాలగూడ వైపు వరి పరుచుకుంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం పంపిణీ హుజూర్‌నగర్‌లో మొదలైంది. నేను బియ్యాన్ని తప్పుపట్టను. కరువు చూసిన జిల్లాల్లో అది ఆకలి తీర్చింది. కానీ కంచంలో అన్నం గుట్టగా పెరిగి, పప్పు నీళ్లగా, గుడ్డు వారానికోసారిగా మిగిలిపోతే ఆ చక్కెరంతా ఎక్కడో ఒకచోట కొవ్వుగా దాగాలి కదా.

ఈ చరిత్రలో అందరికీ తెలియాల్సిన ఘట్టం మన పక్కనే, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అక్కడ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లకు అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది, పక్కనున్న ఊళ్లకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా పెట్టారు. పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అన్నదే అప్పటి ప్రశ్న. 2003-05లో పరిశోధకులు మళ్లీ అవే 29 ఊళ్లకు వెళ్లి, 13-18 ఏళ్లకు ఎదిగిన పిల్లల్లో 1,165 మందిని పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఒంట్లో కొవ్వూ కండా రెండు వైపులా దాదాపు ఒకటే. కానీ హోమా లెక్క 20 శాతం తక్కువ, రక్తనాళాలు గట్టిపడకుండా మెత్తగా ఉన్నాయి. చీటీ తీసి ఊళ్లను విడదీసిన ప్రయోగం కాదు కాబట్టి ఒక్క ఉప్మా వల్లే అని గట్టిగా అనలేం. పథకంతో పాటు టీకాలు, ఆరోగ్య సేవలు కూడా వచ్చాయి. అయినా ఆ ఫలితాలు చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, నడక నేర్చేటప్పుడూ అందిన గిన్నెడు తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తంలో కనిపించిందంటే మాటలా!

ఇంత తెలిసినా బడిపిల్లలందరికీ పరీక్ష చేయమని పెద్దలు చెప్పలేదు. 2010లో అంతర్జాతీయ పిల్లల వైద్య నిపుణులు కూర్చుని, పిల్లల్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కి ఒప్పుకున్న హద్దు లేదని, మూకుమ్మడి పరీక్షలకు అప్పటికి సమర్థన లేదని రాశారు. ప్రధాన కారణం ఈడు. యుక్తవయసు వచ్చేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఇన్సులిన్ పనితనం తగ్గి, ఎదుగుదల పూర్తయ్యాక తిరిగి కోలుకుంటుంది. ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ మీద ఈడొచ్చిన పిల్లా రాని పిల్లా కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే అంకె గీత గీస్తే ఒకరికి లేనిపోని టెన్షన్, ఇంకొకరికి లేని భరోసా. పరగడుపున రమ్మంటే కొందరు ఆడపిల్లలు కళ్లు తిరిగి పడొచ్చు. పరగడుపు అక్కర్లేని, మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష పెడదామంటే, ఐరన్ లోపం ఉన్నవాళ్లలో అది ఎక్కువ చూపించవచ్చు. మన ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది.

ఇప్పుడు బడులకు వస్తున్న పథకం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. బండి మీద వచ్చే బృందం పళ్లు, కళ్లు, గుండె, రక్తహీనత చూస్తుంది. అది పెట్టినప్పటి 30 జబ్బుల జాబితాలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ లేదు. నా మట్టుకు నాకు, అదే బృందం చేతికి ఒక టేపు ఇచ్చి నడుము కొలవమనడం, మెడ చూడమనడం, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడగమనడం ముందు జరగాలి. అందులో తేలిన పిల్లలకే షుగర్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్. అంకె ఎక్కువ వచ్చిన పిల్లకు బడిలో ఆటల పీరియడ్, మధ్యాహ్నం గుడ్డు, ఆరు నెలలకు మళ్లీ పరీక్ష ఖాయం చేయలేకపోతే ఆ రక్తం తీయకూడదు. పళ్ల మీద గారను బట్టి పిల్లల్లో ఫ్లోరైడ్‌ని గుర్తుపట్టడం నల్గొండకు దశాబ్దాల కిందటే తెలుసు. మంచినీళ్లు ఇంటికి రావడానికి మాత్రం తరాలు పట్టింది. ఆ మధ్యకాలంలో వంగిపోయిన నడుములు ఇంకా మన ఊళ్లలో తిరుగుతున్నాయి.

శిబిరం ముగిసే వేళకు ఆ అమ్మాయి తల్లి వచ్చింది. డాక్టర్ ఆమెను కూర్చోబెట్టి, "ఇక రుద్దకమ్మా, ఇది మురికి కాదు" అని చెప్పి, పరగడుపు పరీక్షకు చీటీ రాశారు. రాస్తూ రాస్తూ అడిగారు:

"ఈ పిల్ల కడుపుల ఉన్నప్పుడు అంగన్‌వాడీల ఏమన్న తిన్నవా అమ్మా?"

"అప్పుడు ఈడ లేము మేడం. బొంబాయి పోయినం, మట్టిపనికి. ఏడో నెల దాక తట్ట మోసిన."

డాక్టర్ చీటీ వెనక అది కూడా రాసుకున్నారు.