వేగం చెప్పే గొట్టంలో మంచు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

తుఫాను మేఘాల్లో చిక్కుకుంటే విమానం పడిపోతుందా అని మొన్న ఫోనులో మీరు అడిగినప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మహాసముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 అనే విమానం సంగతి వ్రాస్తున్నాను, చదవండి.

రియో డి జనీరో నుంచి 228 మందితో పారిస్‌కు బయలుదేరిన ఆ ఎయిర్‌బస్, భూమధ్యరేఖ సమీపంలో ఉత్తర, దక్షిణ గాలులు వచ్చి కలిసే చోట, విమానాలు ఎగిరే ఎత్తును కూడా మించిపోయే ఉరుము మేఘాల మధ్యకు చేరింది. అయితే గాలివాన దాన్ని విరిచివేయలేదు. విమానం ముక్కు దగ్గర వేగాన్ని కొలిచే సన్నని గొట్టాలుంటాయి. 18వ శతాబ్దంలో సేన్ నది వడిని కొలవడానికి అటువంటి గొట్టాన్ని కల్పించిన ఫ్రెంచి ఇంజినీరు పిటో పేరే వాటికి ఉంది. 35,000 అడుగుల ఎత్తున మంచు పలుకులు వాటిని మూసివేయడంతో వేగం అంకెలు తప్పాయి, విమానాన్ని తనంతట తానే నడిపే యంత్రం, అంటే ఆటోపైలట్, తప్పుకొంది. గొట్టాలు నిమిషంలోపే తెరుచుకున్నా, ఆ చీకట్లో, కుదుపుల్లో పైలట్ విమానం ముక్కును పైకెత్తాడు.

బస్సు కిటికీలోంచి చేయి బయట పెట్టవద్దని కోప్పడేవాణ్ణి నేనే గానీ, మనసులో ఊహించుకోండి: అరచేతిని కొద్దిగా వాలుగా ఉంచితే గాలి దాన్ని పైకి లేపుతుంది, నిలువుగా పెడితే వెనక్కి నెడుతుంది. రెక్కకూ అంతే; ముక్కు మరీ ఎత్తితే రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పారే గాలి విడిపోయి, విమానం కిందికి జారుతుంది. దీన్ని స్టాల్ అంటారు, ముక్కు దించడమే దీనికి విరుగుడు. ఆ విమానం అలాగే స్టాల్‌లో పడింది. కానీ వేగం మరీ పడిపోయినప్పుడు కంప్యూటరు ఆ అంకెలను లెక్కలోకి తీసుకోక స్టాల్ హెచ్చరికను ఆపివేసేది, ముక్కు దించగానే మళ్లీ మోగించేది. సరైన పని చేస్తే అరిచి, తప్పు చేస్తే ఊరుకునే గంటను ఎవరు నమ్ముతారు? అందుకే ఆ పైలట్లను తెలివితక్కువవారని అనడానికి నాకు మనసొప్పదు.

ఆటోపైలట్ తప్పుకున్న 4 నిమిషాల 23 సెకన్లకు విమానం నీటిని తాకింది. ఒక్కరూ బతకలేదు.

ఈ వివరాలన్నీ ఎలా తెలిశాయంటారా? సుమారు 3,900 మీటర్ల లోతున పడి ఉన్న శకలాలను 2011 ఏప్రిల్‌లో మనిషి లేకుండా తిరిగే జలాంతర వాహనాలు కనిపెట్టాయి. విమానంలోని మాటలను, అంకెలను నమోదు చేసే బ్లాక్ బాక్సులను (పేరుకే నలుపు, రంగు నారింజ) మే నెలలో పైకి తీశారు. దాదాపు రెండేళ్లు ఉప్పునీటి అడుగున ఉన్నా, పైలట్ల మాటలు వాటిలో చెరిగిపోలేదు.

ఇట్లు,
మీ తాతయ్య